మెచ్నికోవ్ పెరుగు, మా నాన్న పెరుగన్నం

అమ్మ పోయాక నాన్న ఊళ్ళో ఒక్కడే ఉంటున్నాడు. 78 ఏళ్ళు. ఫోన్ చేసి ఏం తిన్నావని అడిగితే రోజూ ఒకటే జవాబు... "పెరుగన్నం, ఆవకాయ. నాకేంరా, హాయిగా ఉన్నా." నేనేమో ఆన్‌లైన్లో ప్రోబయోటిక్ క్యాప్సూల్స్ ఆర్డర్ చేసి పంపించేశా. టికెట్ క్లోజ్ చేసినంత తృప్తి!

ఆ డబ్బా మీదున్న బాక్టీరియా పేర్లు ఎక్కడివా అని వెతుకుతూ పోతే, వందేళ్ళ పైచిలుకు వెనక్కి, ప్యారిస్‌లో తేలాను.

అక్కడ పాశ్చర్ ఇన్‌స్టిట్యూట్‌లో తిసియే అనే ఆయన 1899లో, తల్లిపాలు తాగే పసిపిల్లల మలంలో వై అక్షరంలా చీలిన బాక్టీరియాని కనిపెట్టాడు. మనం ఇప్పుడు బిఫిడోబాక్టీరియా అంటున్నది దాన్నే. పసితనంలో పేగుల్లో దాని రాజ్యమే, పెద్దయ్యేకొద్దీ తగ్గిపోతుంది.

అదే సంస్థలో పనిచేసిన రష్యన్ శాస్త్రవేత్త మెచ్నికోవ్‌కి 1908లో నోబెల్ వచ్చింది, రోగనిరోధక శక్తి మీద చేసిన పనికి. కానీ ఆయన్ని పట్టి పీడించిన ప్రశ్న వేరే ఉంది: మనిషికి ముసలితనం ఎందుకొస్తుంది? పెద్దపేగులోని బాక్టీరియా తిండిని కుళ్ళబెట్టి విషాలు పుట్టిస్తుందనీ, అదే కారణమనీ ఆయన నమ్మకం. బల్గేరియా పల్లెల్లో పులిసిన పాలు తాగేవాళ్ళు ఎక్కువకాలం బతుకుతారని విని, 1904లో ఉపన్యాసమిచ్చాడు. ఇంకేముంది, జనం పెరుగు మీద పడ్డారు! లండన్‌లో లేన్ అనే సర్జనయితే ఏకంగా పెద్దపేగునే కోసి తీసేయడం మొదలుపెట్టాడు.

మెచ్నికోవ్ 1916లో, 71వ ఏట పోయాడు. ఆయన నమ్ముకున్న పెరుగు బాక్టీరియా మన పేగుల్లో కాపురం పెట్టదని తర్వాత తేలింది. అలాగని ఆయన్ని చూసి నవ్వలేను. జవాబు తప్పయినా ప్రశ్న సరైనదే.

2012లో నేచర్ పత్రికలో రెండు పరిశోధనలొచ్చాయి. ఒకటి అమెరికా, మలావీ, వెనిజులా మనుషుల్ని పోల్చింది. మూడు చోట్లా పిల్లల పేగుల్లోని బాక్టీరియా మొదటి మూడేళ్ళలోనే పెద్దవాళ్ళ పద్ధతికి వచ్చేస్తోంది. రెండోది ఐర్లాండ్‌లో 178 మంది వృద్ధుల మీద. సొంతింట్లో ఉంటూ రకరకాలు తినేవాళ్ళ పేగుల్లో రకరకాల బాక్టీరియా ఉంది. సంరక్షణ కేంద్రాల్లో ఎక్కువకాలంగా ఉంటున్నవాళ్ళలో ఆ వైవిధ్యం తక్కువ, ఆరోగ్యం కూడా అంతంతమాత్రం. తిండిలో రకాలు తగ్గడానికీ, బాక్టీరియాలో రకాలు తగ్గడానికీ సంబంధం కనిపించింది.

లాగ్స్‌లో రెండు ఎర్రర్లు పక్కపక్కన కనిపిస్తే ఒకటి రెండోదానికి కారణం అనేయకూడదని మనకి తెలిసిందే. అయినా ఒక మాట మాత్రం నన్ను వదల్లేదు. వయసు అందరికీ ఒకేలా వస్తుంది గానీ, పేగుల్లో వచ్చే మార్పు మాత్రం ఎలా బతుకుతున్నాం, ఏం తింటున్నాం అన్నదాన్ని బట్టి కూడా ఉంటుంది.

అంటే నాన్న పెరుగన్నంలో తప్పేం లేదు. పక్కన కూర, పప్పు, ఆకుకూర లేకపోవడమే తప్పు. అమ్మ ఉన్నప్పుడు రోజుకో కూర ఉండేది. ఒక్కడి కోసం ఎవరు వండుకుంటారు చెప్పండి? ఆ లోటు క్యాప్సూల్ పూడ్చదు.

ఇప్పుడు వీధిలో ఒకావిడ మధ్యాహ్నం కూరలు వండి పెట్టేలా మాట్లాడాను. ఫోన్‌లో "టాబ్లెట్ వేసుకున్నావా" అని అడగడం మానేశా. "ఇవాళ కూరేంటి నాన్నా?" అంటున్నా.

నిన్న "గోంగూర పప్పురా" అన్నాడు, కాస్త గర్వంగానే.