లేపాక్షి మూడుతలల ఆవు: వికృత జననానికి సాక్ష్యమా?

రొళ్ల, మడకశిర, హిందూపురం ప్రాంతాలది పశుపోషణపై ఆధారపడిన మెట్టసీమ. ఈ సీమలోని లేపాక్షి వీరభద్రాలయం 16వ శతాబ్దికి చెందినది. అందులో ఒకే దేహానికి మూడు తలలున్న ఆవు శిల్పం ఉంది. దీనిని వికృత జననానికి సాక్ష్యంగా గ్రహించరాదు. ఏ రెండు తలలను మూసి చూసినా, మిగిలిన తలతో ఆవు సమగ్రంగా, వేరొక భంగిమలో నిలుస్తుంది. ఇది కేవలం శిల్పి చమత్కారం. రెండుతలల దూడ సంగతి వేరు. పిండదశలోని అసంపూర్ణ విభజన వల్ల తలలు పక్కపక్కనే ఏర్పడి, తరచు కొంతమేర కలిసే ఉంటాయి. అటువంటి దూడ సాధారణంగా బతకదు. వికృతుల అధ్యయనానికి 1832లో ఇసిదోర్ జోఫ్రువా సెంత్-ఇలేర్ శాస్త్రరూపమిచ్చినది ఇటువంటి వర్గీకరణతోనే. మూపురంపై అదనపు కాలు మొలిచిన పశువు మాత్రం బతకగలదు. దక్షిణదేశంలో దానిని బసవన్నగా అలంకరించి, ఊరూరా తిప్పి భిక్ష స్వీకరించే ఆచారానికి ఆధారం ఆ బతుకే.