భూకంపానికి చెక్కుచెదరని కంచు కార్మికులు

1906 ఏప్రిల్ 18 తెల్లవారుజామున భూకంపం శాన్‌ఫ్రాన్సిస్కోను కుదిపేసింది. వెంటనే చెలరేగిన మంటలు రోజుల తరబడి ఊరిని కాల్చాయి. ఆ తర్వాత తీసిన ఫొటోల్లో మార్కెట్ వీధి చుట్టూ మొండిగోడలే. వాటి నడుమ అయిదుగురు కంచు కార్మికులు మాత్రం ఓ భారీ పంచింగ్ యంత్రంతో ఇనుప రేకుకు రంధ్రం వేసే పనిలోనే ఉన్నారు. వాళ్లను మలిచిన డగ్లస్ టిల్డెన్ బధిరుడు.

1860లో కాలిఫోర్నియాలోని చీకోలో పుట్టాడు. పసితనంలోనే స్కార్లెట్ జ్వరం వచ్చి వినికిడి పోయింది. బర్క్లీలోని బధిరుల పాఠశాలలో చదివి, అక్కడే పంతులయ్యాడు. మట్టి చేతబట్టింది ఇరవై దాటాకే.

ఇలాంటివారిని ‘వైకల్యాన్ని జయించిన వీరుడు’ అని పొగిడి ఊరుకోవడం మనకు అలవాటు. టిల్డెన్ విషయంలో అది అన్యాయమే అంటాను. అతన్ని నిలబెట్టినవారు ఉన్నారు. పారిస్‌లో చదువుకోవడానికి డబ్బు సర్దింది బర్క్లీ పాఠశాలే. పారిస్‌లో శిల్పం నేర్పిన పాల్ షోపెన్ కూడా బధిరుడే! 1880లో మిలాన్‌లో జరిగిన బధిరుల విద్య అంతర్జాతీయ మహాసభ వాళ్ల బళ్లలో సైగల భాష వద్దని తీర్మానించింది. పదేళ్లు తిరక్కుండానే ఒక బధిర గురువు బధిర శిష్యుణ్ణి శిల్పిగా తీర్చిదిద్దాడు. ఆ తీర్మానానికి ఇంతకంటే జవాబేం కావాలి? టిల్డెన్ చెక్కిన ‘అలసిన బాక్సర్’కు 1890లో పారిస్ సలోన్ కళాప్రదర్శనలో ప్రశంస దక్కింది.

తిరిగొచ్చాక శాన్‌ఫ్రాన్సిస్కోలోని ఓ లలితకళల సంస్థలో శిల్పం బోధించాడు. ఆ కంచు కార్మికులు 1901లో వెలిశారు. కాలిఫోర్నియాలో తొలి ఇనుప ఫౌండ్రీ పెట్టిన పీటర్ డోనహ్యూ స్మారకమది. కార్మికుల ఒంటిమీద బట్టలు చాలవని కొందరు గోల చేశారు. టిల్డెన్‌కు కావలసింది బిగిసిన ఆ కండరాలే. పనిని ఇంత గౌరవించిన బొమ్మలు అరుదు.

తర్వాత పనులు తగ్గాయి. భార్యతో విడిపోయాడు. పొట్టకూటికి యంత్రాల దుకాణంలోనూ పనిచేశాడు. 1935లో బర్క్లీలో, పేదరికంలో, ఒంటరిగా పోయాడు. శాన్‌ఫ్రాన్సిస్కో నడిబొడ్డున విగ్రహాలు నిలిపిన మనిషిని ఆ ఊరు అలా వదిలేయడం క్షమించరానిది.

శాన్‌ఫ్రాన్సిస్కో వెళ్తే గోల్డెన్ గేట్ వంతెనతో సరిపెట్టుకోకండి. మార్కెట్, బ్యాటరీ వీధులు కలిసేచోట కాసేపు ఆగండి. ఫ్రీమాంట్‌లో ఉండే తెలుగువారికైతే టిల్డెన్ ‘ఎలుగుబంటి వేట’ సొంత ఊళ్లోనే, బర్క్లీ నుంచి అక్కడికి మారిన ఆ బధిరుల పాఠశాల ఆవరణలో ఉంది. మీ పిల్లలకు శిల్పి పేరు చెప్పి మరీ చూపించండి.