కిలోమీటరు రాయి, స్పీడోమీటరు ముల్లు

1902లో జర్మనీలో ఒట్టో షుల్జే స్పీడోమీటరుకు పేటెంటు పొందాడు.

ఎంత చక్కని ఊహ అది! చక్రంతో పాటు కేబుల్, దాని కొసన అయస్కాంతం తిరుగుతాయి. ఆ లాగుడుకు పక్కనున్న లోహపు గిన్నె స్ప్రింగును బిగిస్తూ ముల్లును కదుపుతుంది. అది లెక్కపెట్టేది చుట్లనే, రోడ్డును కాదు.

అందుకే టైరు మారితే లెక్క తప్పుతుంది. ఉద్దానం తోటల్లోంచి కొబ్బరికాయల బస్తాలు మోసే పాత బైకుల్లో చాలావాటికి కేబుల్ ముందు చక్రం నుంచే వస్తుంది. వెనక లావు టైరు వేసినా ముల్లుకు తెలియదు. ముందు 2.75-18 బదులు 3.00-18 వేస్తే మాత్రం చుట్టుకొలత సుమారు 2 శాతం పెరుగుతుంది. ముల్లు 60 దగ్గరుంటే బండి 61 దాటి పోతుంటుంది. అరిగిన టైరుది దీనికి తలకిందులు: ముల్లు ఉన్నదానికన్నా ఎక్కువ చూపుతుంది.

పలాస దగ్గర, ఒకప్పటి ఐదో నంబరు, ఇప్పటి పదహారో నంబరు జాతీయ రహదారి మీద దీన్ని సరిచూడొచ్చు. ముల్లు 60 దగ్గర నిలిపి, వెనక కూర్చున్నవారు గడియారం చూస్తే, రాయి నుంచి రాయికి సరిగ్గా 60 సెకన్లు పట్టాలి. లావు టైరుకు 59 చాలు.