గ్రంథిరసములు - వానిని అరికట్టు ఔషధముల చరిత్ర

ఆబోతునకును, అరక దున్ను ఎద్దునకును గల భేదము పల్లెయందు పుట్టి పెరిగినవారికి ఎవరును చెప్పనక్కఱలేదు. రెండును కోడెదూడలుగనే పుట్టినవి. ఒకదానిని అచ్చువేసి వదలిరి. రెండవదానికి విత్తులు కొట్టించిరి. కొన్ని ఏండ్లు గడచుసరికి మొదటిదాని మూపురమును ఱంకెయు ఊరినెల్ల బెదరించును. రెండవది పసిబిడ్డ పగ్గము పట్టినను వెంట నడచును. ఈ మార్పు ఏల కలుగునని తఱచి చూచినవారు మనలో తక్కువ. పని జరుగుచున్నది, చాలునని ఊరకుండిరి. అన్యదేశములలో కొందఱు ఆ ప్రశ్న వేసిరి. వారి కథయే నేటి నా ప్రసంగము. అది పశువులతోను పక్షులతోను ఆరంభమై, వయసు మీఱిన పురుషులను బాధించు ఒక దారుణవ్యాధికి చికిత్స చూపునంతవఱకు వచ్చినది. కావున శ్రోతలలో పెద్దలు కొంచెము ఓపికతో వినవలెనని కోరుచున్నాను.

1849లో జర్మనీ దేశమున గొట్టింజెను విశ్వవిద్యాలయమున బెర్టోల్డు అను ఆచార్యుడు ఆఱు పడుచు పుంజులతో ఒక పరీక్ష చేసెను. వృషణములు తీసివేయగా పుంజు కూయుట మానెను, పోరాడుట మానెను, తలమీది ఎఱ్ఱని తురాయి ముడుచుకొనిపోయెను. తీసిన వృషణమును మఱల కడుపులో ఒక చోట నాటగా తురాయి పెరిగెను, కూతయు వచ్చెను. నాటిన అంగమునకు పూర్వపు నరముల సంబంధ మేమియు లేదు. కావున అందుండి ఏదియో రక్తములో కలిసి దేహమంతటికిని పోవుచున్నదని ఆయన నిశ్చయించెను. అట్టి రసములకు 1905లో లండనునందు స్టార్లింగు అను శాస్త్రజ్ఞుడు హార్మోనులు అని పేరు పెట్టెను. ప్రేరేపించునవి అని ఆ మాటకు గ్రీకుభాషలో అర్థము.

ఈలోపల స్కాట్లండులోని గ్లాస్గో నగరమున బీట్‌సను అను శస్త్రవైద్యుడు మఱియొక త్రోవ పట్టెను. కొన్ని దేశముల రైతులు ఈనిన ఆవునకు అండాశయములు తీసివేసి పాడిదినములు పెంచుకొనుచుండిరని ఆయన ఎఱుగును. అండాశయమునకును పొదుగునకును ఇంత సంబంధ మున్నచో, స్త్రీల స్తనములందు పుట్టు రాచపుండునకు, అనగా క్యాన్సరునకు, ఆ సంబంధము ఏల ఉండరాదని యోచించెను. 1895లో వ్యాధి ముదిరిన 33 ఏండ్ల యువతికి అండాశయములు తీసివేయగా కొలది నెలలలో గడ్డలు కరగిపోయెను. మఱుసటి సంవత్సరము ఆయన దీనిని ప్రకటించెను. ఆమె నాలుగేండ్లకు దగ్గఱగా జీవించినది. పశువులకాపరి ఎఱిగిన సంగతిని వైద్యుడు చెవినబెట్టుట ఎంత మేలు చేసెనో చూడుడు.

ఈ రసములను వేఱుపఱచి చూచుట తరువాతివారి పని. అది ఎంత శ్రమతో కూడినదో చెప్పినచో మీరు నమ్మరు. 1931లో జర్మనీలో బూటెనాంటు అను యువకుడు పోలీసుభటుల మూత్రము 15,000 లీటర్లు సేకరించి, దానినుండి 15 మిల్లిగ్రాముల పురుషరసమును తీసెను. మన కంసాలి త్రాసులో అది గురిగింజ ఎత్తులో ఎనిమిదవవంతు. 1935లో ఆంస్టర్‌డాం నగరమున లకోరు అను ఆచార్యుని బృందము 100 కిలోల ఎద్దువృషణములనుండి 10 మిల్లిగ్రాములు తీసి టెస్టాస్టెరోను అని పేరు పెట్టెను. ఆ సంవత్సరమే బూటెనాంటును, స్విట్జర్లండులోని రుజిచ్కాయు వేఱువేఱుగ దానిని కొలెస్టరాలు అను కొవ్వుపదార్థమునుండి కృత్రిమముగ చేసి చూపిరి.

దేహమునందును ఆ కొలెస్టరాలే మూలము. ఒక పెద్ద కాలువ ఊహింపుడు. తల యొద్ద కొలెస్టరాలు. దిగువకు పోవుకొలది పిల్లకాలువలు చీలును. ఒకటి దేహములోని ఉప్పును నిలుపు రసమునకు, ఒకటి ఒత్తిడిని తట్టుకొను కార్టిసాలునకు, ఒకటి పురుషరసమునకు, దానినుండి మఱల ఒకటి స్త్రీరసమునకు. చీలినచోటనెల్ల ఒక తూము, ఆ తూమును తెఱచుటకు ఎంజైము అను కావలివాడు. ఈ జాతి రసములన్నింటిని స్టెరాయిడు హార్మోనులందురు. వృషణములును అండాశయములును మాత్రమే కాదు, మూత్రపిండముల నెత్తిన టోపీవలె కూర్చుండు అధివృక్కగ్రంథులును వీనిని తయారుచేయును. ఈ చివరి మాట జ్ఞాపకముంచుకొనుడు. కథ మఱల అచటికే వచ్చును.

మూత్రాశయము క్రింద, మూత్రమార్గమును ఉంగరమువలె చుట్టి, పెద్ద ఉసిరికాయంత గ్రంథి పురుషులకు కలదు. దానిని పౌరుషగ్రంథి యందురు. వార్ధక్యమున అది పెరిగి మూత్రమునకు అడ్డుపడుట సాధారణము. అందు ఎక్కువభాగము రాచపుండు కాదు. కాని పెద్దలు సిగ్గుచేత చెప్పక దాచుకొనుట వలన, ఏది సామాన్యమో ఏది ప్రమాదమో తెలియు కాలము దాటిపోవుచున్నది. రాచపుండే అయినచో అది తుదకు నడుము ఎముకలలోనికి ప్రాకును. అపుడు మంచముమీద ప్రక్కకు దొరలుటయే ప్రాణాంతకమగును. 1940కి పూర్వము అట్టివానికి నొప్పి మఱపించు మందు దక్క వైద్యుని చేతిలో ఏమియు లేదనవచ్చును.

హగ్గిన్సు అను శస్త్రవైద్యుడు కెనడాలో 1901లో పుట్టి చికాగో విశ్వవిద్యాలయమున పనిచేయుచుండెను. కుక్కకు కూడ ముసలితనమున పౌరుషగ్రంథి పెరుగును. వృషణములు తీసివేసినచో, లేక స్త్రీరసము ఎక్కించినచో, ఆ గ్రంథి ముడుచుకొనునని ఆయన కనుగొనెను. పిమ్మట మనుష్యులయందు ప్రయత్నించెను. వ్యాధి ముదిరిన 21 మందికి వృషణములు తీసివేసిన ఫలితములను 1941లో ప్రకటించెను. పలువురికి ఎముకల నొప్పి దినములలో తగ్గెను. మంచము పట్టినవారు లేచి తిరిగిరి. అంతకు ముందు రాచపుండు రాజద్రోహి వంటిదనియు, దేహముయొక్క ఏ ఆజ్ఞకును లోబడదనియు శాస్త్రజ్ఞులు తలచుచుండిరి. అదియు దేహమిచ్చు ఆహారముమీదనే ఆధారపడునని, ఆ ఆహారమును ఆపినచో కృశించునని తేలెను. ఇందుకు 1966లో ఆయనకు నోబెలు బహుమానము లభించెను.

అయిన కథ అచట ముగియలేదు. ఒకటి రెండేండ్లు బాగుండి, చాలమందికి వ్యాధి తిరిగివచ్చెను. అధివృక్కగ్రంథులనుండి ఇంకను కొంత పురుషరసము ఊరుచున్నదని అనుమానించి, 1945లో హగ్గిన్సును, ఆయన సహాయుడు స్కాటును కొందఱు రోగులకు ఆ గ్రంథులను కూడ తీసివేసిరి. కాని ఆ గ్రంథులు లేనిదే ప్రాణి బ్రదుకజాలదు. కార్టిసాలు లోపించి రోగులు నిలువలేదు. లోపము తీర్చుటకు తగిన మందు ఆనాడు లేదు. అది వచ్చిన పిమ్మట 1950 తరువాత మఱల ప్రయత్నించిరి గాని, ఫలము కొలదియే.

అంతట వైద్యులు తిరిగివచ్చిన వ్యాధికి ఒక పేరు పెట్టిరి: హార్మోనుకు లొంగనిది అని. నా మట్టునకు ఆ పేరే పెద్ద అడ్డమైనదని తోచును. కాలువ ఎండినదనుకొన్న తరువాత ఊట వెదకువాడెవడు? చాలకాలము ఆ దిక్కుగ వెదకినవారు తక్కువ.

త్రోవ చూపినవి అనుకోని మందులు. అమెరికాలో 1960లో మూర్ఛరోగమునకు అమినోగ్లుటెథిమైడు అను ఔషధమును విడుదల చేసిరి. కొందఱు రోగులలో అధివృక్కగ్రంథులు రసము తయారుచేయుట తగ్గెను. ఇది అపాయమని 1966లో, హగ్గిన్సు బహుమానము పొందిన ఆ సంవత్సరమే, దానిని ఉపసంహరించిరి. కొందఱు ఆ అపాయమునే ఉపాయముగ గ్రహించిరి. కత్తి లేకయే గ్రంథిని ఆపు మందు కదా ఇది! తగినంత కార్టిసాలు వంటి మందును తోడుచేసి, 1970 తరువాత స్తనముల రాచపుండునకు దీనిని వాడిరి. అది పురుషరసమును స్త్రీరసముగ మార్చు ఆరోమటేజు అను కావలివానిని కూడ అడ్డగించునని పిమ్మట తేలెను.

అది పెక్కు తూములను ఒక్కమారు మూసెడిది. మగత కూడ కలిగించెడిది. ఒక్క ఆరోమటేజునే ఆపు మందు కావలెనని ఆంజెలా బ్రోడీ అను విదుషి పట్టుపట్టెను. భర్త హ్యారీ బ్రోడీ రసాయనశాస్త్రజ్ఞుడు. ఆయన పదార్థములు చేయగా ఆమె పరీక్షించెను. అమెరికాలోని బాల్టిమోరులో ఆమె సాగించిన కృషి 1980 దశకమున లండనులో రోగులకు అందెను. నేడు అనస్ట్రజోలు, లెట్రజోలు అను బిళ్లలు ఆ జాతివే. ముట్లుడిగిన స్త్రీలకు ఇవి బీట్‌సను కత్తి చేసిన పనిని చేయుచున్నవి.

పురుషుల సంగతి ఇట్టిదే. తామర మొదలగు బూజుజాతి వ్యాధులకు కీటొకొనజోలు వాడినపుడు కొందఱు మగవారికి స్తనములు ఉబ్బెను. ఏలయని చూడగా పురుషరసము తగ్గుచున్నదని 1982లో తెలిసెను. పెద్ద మోతాదులో రాచపుండునకు ఇచ్చి చూచిరి; కొంత మేలు కనబడెను, కాలేయమునకు కీడును కనబడెను.

1990 దశకపు ఆరంభమున లండను క్యాన్సరు పరిశోధనాసంస్థలో జార్మను, బారీ అను శాస్త్రజ్ఞులును, వారి తోడివారును, పురుషరసపు కాలువకు మొదటనున్న తూమును మాత్రము గట్టిగ మూయు పదార్థమును చేసిరి. దాని పేరు అబిరాటెరోను. వృషణములందును, అధివృక్కములందును, తుదకు రాచపుండు తనకు తానై త్రవ్వుకొను చెలమయందును ఆ తూము మూతపడును. కాని లొంగని వ్యాధికి ఈ మందెందుకను మాట అడ్డుపడగా, పెద్ద పరీక్షకు వచ్చుసరికి పదేండ్లకు పైగా గడచెను. 2008లో తొలి ఫలితములు వెలువడినపుడు, లొంగదనుకొన్న వ్యాధి లొంగుచునే ఉండెను. 2011లో 1,195 మంది రోగుల పరీక్ష ముగిసెను. మందు లేనివారి సగటు ఆయువు 10.9 నెలలు, మందు పొందినవారిది 14.8 నెలలు. నాలుగు నెలలేనా యని తీసివేయరాదు. వారు అన్ని చికిత్సలును విఫలమైనవారు. వ్యాధి ఎముకలకు ప్రాకిన ఆరంభముననే ఇచ్చిన మఱియొక పరీక్షలో, 2017 నాటి లెక్కను, మూడేండ్లకు నూటికి 66 మంది బ్రదికియుండిరి. మందు లేనివారిలో 49 మంది. నేడు ఈ మందు హైదరాబాదు కర్మాగారములలో కూడ తయారగుచున్నది.

తూము మూసిన ఎగువచేనులో నీరు పొంగునని మీరెఱుగుదురు. ఇందును అంతే. కార్టిసాలు తగ్గగా, కొఱత గ్రహించి మెదడు క్రింది గ్రంథి ఎగువకాలువకు ఎక్కువ నీరు వదలును. అది ఉప్పును నిలుపు రసము వైపు పొర్లును. రక్తపుపోటు హెచ్చును, కాళ్లు వాచును, రక్తములో పొటాసియము తగ్గును. దీనిని ఆపుటకు ప్రెడ్నిసొలోను అను రెండవ బిళ్లను చిన్న మోతాదున తోడుగ ఇత్తురు. 1945లో హగ్గిన్సు రోగులకు దొరకనిది ఇట్టి మందే. అబిరాటెరోనును ఖాళీకడుపున మ్రింగవలెను. అన్నముతో కలిసినచో రక్తములోనికి పోవు భాగము పలురెట్లు పెరుగును. ప్రెడ్నిసొలోనును మాత్రము అన్నముతోనే తీసుకొనవలెను.