నీటిని పీల్చే పాలిమర్లతో జీవ అణువుల గాఢీకరణ

పలచని ప్రోటీన్ ద్రావణాలను వేడి తగలనీయకుండా చిక్కబరిచే ప్రయోగశాల పద్ధతి. ఎండు పాలిమర్ నీటినీ, అందులో కరిగిన లవణాలనూ పీల్చుకుంటుంది. పాలిమర్ రంధ్రాల్లో పట్టని పెద్ద అణువులు మిగిలిన కొద్ది ద్రవంలో ఉండిపోతాయి. ఉప్పు కూడా నీటితోపాటే పోతుంది కనుక పీహెచ్, అయాను బలం పెద్దగా మారవు. ఫ్రీజ్ డ్రైయింగ్‌కు లేని సౌలభ్యం ఇదే.

ఆరంభంపై ఏకాభిప్రాయం లేదు. 1959లో జె. కోన్ ‘నేచర్’లో వర్ణించిన పాలిఇథిలీన్ గ్లైకాల్ పద్ధతిని కొందరు మొదటిదంటారు. అయితే ఆ పాలిమర్ ఉబ్బదు, కరుగుతుంది. డయాలిసిస్ సంచిలోని నీటిని ఆస్మాసిస్ వల్ల లాగుతుంది. అదే ఏడు స్వీడన్‌లోని ఉప్సలా నుంచి పోరాత్, ఫ్లోడిన్ అడ్డబంధాల డెక్స్‌ట్రాన్‌ను (సెఫడెక్స్) పరిచయం చేశారు గాని, అది అణువులను పరిమాణాన్నిబట్టి వేరుచేయడానికి. గాఢీకరణకే ప్రత్యేకించిన ఫ్లోడిన్, గెలోట్, పోరాత్‌ల 1960 వ్యాసాన్ని ఆరంభంగా తీసుకోవడం సబబు.

సెఫడెక్స్ జి-25 గ్రాముకు సుమారు 2.5 మి.లీ. నీటిని పీలుస్తుంది. 10 మి.లీ. ద్రావణంలో 2 గ్రాములు వేస్తే 5 మి.లీ. లోపలికి పోయి, గాఢత ఇంచుమించు రెట్టింపవుతుంది. కాని సెఫడెక్స్ పూసల సందుల్లో చిక్కిన ద్రవంతో కొంత ప్రోటీన్ నష్టపోక తప్పదు. అందుకే ద్రావణాన్ని డయాలిసిస్ సంచిలో పోసి, ముడివేసి, ఎండు పొడిలో పడుకోబెట్టడం ఎక్కువగా వాడుకలోకి వచ్చింది. సంచి చుట్టూ జిగురుగా కట్టిన పొరను గీకేసి కొత్త పొడి అద్దుతూ ఉండాలి. మరిచిపోయి రాత్రంతా వదిలేస్తే ప్రోటీన్ గోడకు అంటుకుపోతుంది.

డైపర్లలో వాడే సోడియం పాలిఅక్రిలేట్ స్వేదనజలాన్ని తన బరువుకు కొన్ని వందల రెట్లు పీల్చగలదు. ఉప్పునీటిలో అది పదుల్లోకి పడిపోతుంది. పైగా రుణావేశం ఉండటంవల్ల లైసోజైమ్‌లాంటి ధనావేశ ప్రోటీన్లను పట్టేసుకుంటుంది. 1980లలో మినెసోటా విశ్వవిద్యాలయంలో కస్లర్ బృందం చల్లదనంలో ఉబ్బి, వేడికి ముడుచుకునే జెల్‌ను మళ్లీమళ్లీ వాడే మార్గం చూపింది.

తెలుగునాట అనంతపురం శ్రీకృష్ణదేవరాయ విశ్వవిద్యాలయంలో కె. మోహనరాజు బృందం ఈ తరహా పాలిమర్లపై 2000ల తొలినాళ్ల నుంచి ప్రచురించింది. ఆ పరిశోధనల గురి ప్రధానంగా సేద్యంలో నీటి పొదుపు. ఇక ప్రయోగశాలల్లో ప్రోటీన్ల గాఢీకరణ పని చాలావరకు సెంట్రిఫ్యూజ్ ఫిల్టర్ల చేతికి పోయింది.