పాత పద్యకావ్యాల ఓసీఆర్ దోషాలు: ఛందస్సు చెప్పే సాక్ష్యం

తెలుగు ఓసీఆర్ గురించి ఎవరు రాసినా మొదటి పేరాలోనే లిపి మీద నింద పడుతుంది. గుండ్రటి అక్షరాలు, కిందికి దిగే వత్తులు, లెక్కకు మిక్కిలి సంయుక్తాలు ఉండడంవల్లే యంత్రం తడబడుతోందట. పాత కావ్యాల స్కాన్ల నుంచి వచ్చిన పాఠాన్ని వికీసోర్స్‌లో అచ్చుదిద్దుతుంటే నాకు ఎదురైన తీరు వేరు. క్ష్మ, స్త్ర వంటి చిక్కు సంయుక్తాలు చాలాచోట్ల సరిగానే దిగుతున్నాయి. అరసున్న, బండి ఱ, వలపలగిలక (‘ర్మ’ వంటి చోట ర్‌ను తెలిపే పాత గుర్తు) మాత్రం పోతున్నాయి. ఇవి గీయడానికి కష్టమైనవేమీ కావు, నేటి అచ్చులో అరుదైపోయినవి.

అచ్చు తెలుగు అక్షరాల గుర్తింపు మీద రాజశేఖరన్, దీక్షితులు 1977లోనే పత్రం రాశారు. నా పేచీ వారితో కాదు. 2001లో నేగి, భగవతి, కృష్ణ ప్రకటించిన పత్రంతో. తెలుగులో సుమారు 10,000 అక్షరరూపాలు ఉంటాయని అంచనా వేసి, వాటిని విడి ముక్కలుగా చూసి 370 మూసలకు కుదించారు. సుమారు 92 శాతం ఖచ్చితత్వం చూపారు. సవరణకు ముందరి లెక్క అది, నిజమే. అయినా వెయ్యి అక్షరాల పుటలో 80 తప్పులంటే అచ్చుదిద్దేవాడికి మిగిలే ఊరట ఎంత? పైగా శాతం లెక్కలో అన్ని తప్పులూ ఒకటే. చుక్క పోయి థ కాస్తా ధ అయితే పాఠకుడే సర్దుకుంటాడు. గిలక పోతే పద్యమే పోతుంది.

2018లో వచ్చిన ఓసీఆర్ సాఫ్ట్‌వేర్ టెసెరాక్ట్ 4 ముక్కల పద్ధతి వదిలి, న్యూరల్ నెట్‌వర్క్‌తో వరుస మొత్తాన్ని ఒకేసారి చదువుతుంది. అయితే అది నేర్చుకున్నది ప్రధానంగా నేటి ఫాంట్లలో కూర్చిన నేటి తెలుగు. పదం చివరి న్‌కు పాత అచ్చు వాడిన నకారపొల్లుకు యూనికోడ్‌లో విడి స్థానం 2021లో గానీ దక్కలేదు. అంతకు ముందటి యంత్రం దాన్ని ఎక్కడ చూసి నేర్చుకోవాలి?

ఇక ఛందస్సు చెప్పే సాక్ష్యం. కందంలో బేసి పాదానికి మూడు గణాలు, 12 మాత్రలు. అందులో ‘వచ్చెఁ’ అని ఉంటే మూడు మాత్రలు. అరసున్నను యంత్రం నిండుసున్నగా చదివి ‘వచ్చెం’ అంటే నాలుగు మాత్రలై పాదం 13కు పోతుంది. తప్పు ఎక్కడుందో పద్యమే చెబుతుంది. వలపలగిలక విషయం ఇంకా ముచ్చటైనది. పాత అచ్చులో అది అక్షరం పక్కన ౯ అంకెలా కనిపిస్తుంది. యంత్రం దాన్ని అంకెగానైనా చదువుతుంది, లేదా వదిలేస్తుంది. ఉత్పలమాల పాదం ‘ధర్మము’తో ఎత్తుకుంటే భగణం. గిలక జారితే ‘ధమము’, నగణం. ఎత్తుగడ చూసి ఇది చంపకమాల అనుకోవచ్చు. కానీ చంపకమాల పాదానికి 21 అక్షరాలు ఉండాలి, ఇక్కడ ఉన్నవి 20. దొంగ దొరికినట్టే. ఏ నిఘంటువూ లేకుండా, ఏ పండితుణ్ణీ అడగకుండా పట్టగల తప్పు ఇది. గణ యతి ప్రాసలు సరిచూసే ‘ఛందం’ సాఫ్ట్‌వేర్ మన చేతిలో ఉంది. దాన్ని ఓసీఆర్‌కు జోడించడమే తరువాయి.

‘వాఁడు’ ‘వాండు’గా మారితేనో, నాలుగు పాదాల ప్రాసలోనూ ఱ ఒక్కుమ్మడిగా ర అయితేనో ఛందస్సు పట్టలేదు, వచనానికి ఈ కాపలా అసలే లేదు. అయినా ఛందస్సుతో సరిచూసి దిద్దిన పద్యాలతో పదును పెట్టిన యంత్రం అదే అచ్చుకూటంలో వెలువడిన వచనాన్నీ మెరుగ్గానే చదువుతుంది. అక్షరాలు పోసిన అచ్చులు అవే కదా! కావలసింది ఛందస్సు, పాత అచ్చు ఎరిగిన దిద్దుబాటు కాబట్టి తెలుగు ఓసీఆర్ సమస్య కంప్యూటర్ శాఖల కన్నా తెలుగు శాఖలకే ఎక్కువ చెందుతుంది.

పాత కావ్యాల మీద పనిచేసే పరిశోధక విద్యార్థులకు ఒక విన్నపం. సిద్ధాంత గ్రంథం కోసం మీరు ఎలాగూ ఓసీఆర్ పాఠాన్ని దిద్దుకుంటారు. చదువరికి అడ్డమని అరసున్నలు తీసేయకుండా, ఱలను రలుగా మార్చకుండా, మూలంలో ఉన్నది ఉన్నట్టు దిద్ది, స్కాన్‌తో సహా అందరికీ అందుబాటులో పెట్టండి.