గాలిలో దొరికిన బ్యాక్టీరియాకు పేరెట్ల పెట్టిన్రు

బౌరంపేట్ చుట్టుపక్కల రూములు తీసుకుని చదువుకునే మనలో బైపీసీ, మైక్రోబయాలజీ వాళ్లు తక్కువేం లేరు. శామీర్‌పేట వైపు పోతే జీనోమ్ వ్యాలీ, అక్కడ ఉద్యోగం రావాలని చాలామందికి ఆశ. కానీ "సూక్ష్మజీవుల వర్గీకరణ" అనే పాఠం వచ్చేసరికి బట్టీ పట్టి, పరీక్ష రాసి మర్చిపోతాం. ఆ పాఠం మొత్తం మన హైదరాబాద్‌లోనే ఒకసారి కళ్లముందు జరిగింది.

2005 ఏప్రిల్‌లో ఈసీఐఎల్ దగ్గరున్న టీఐఎఫ్ఆర్ బెలూన్ కేంద్రం నుంచి ఇస్రో వాళ్ల ప్రయోగం కోసం పెద్ద బెలూన్ వదిలారు. దానికి వేలాడే పరికరాల బరువే 459 కిలోలు. అందులో శుభ్రం చేసిన 16 ఉక్కు గొట్టాలు, చల్లబరచడానికి 38 కిలోల ద్రవ నియాన్. 20 నుంచి 41 కిలోమీటర్ల ఎత్తులో, అంటే విమానాలు తిరిగే ఎత్తుకు ఎంతో పైన, గాలిని గొట్టాల్లో పట్టి కిందికి దించారు. ఒకే ల్యాబ్ మాట నమ్మకుండా మన సీసీఎంబీలోనూ, పుణేలోని ఎన్‌సీసీఎస్‌లోనూ పరీక్షించారు. 12 బ్యాక్టీరియా, 6 శిలీంధ్రాలు పెరిగాయి. వాటిలో మూడు బ్యాక్టీరియాలు అప్పటిదాకా ఎవరూ నమోదు చేయనివని తేల్చారు.

కొత్తవని ఎట్ల తెలిసింది? కంటితో చూస్తే తెలియదు. 1676లో లీవెన్‌హుక్ తన భూతద్దంలో బ్యాక్టీరియాను చూశాడు గానీ, తర్వాత వందేళ్లకు దగ్గరపడ్డా లిన్నేయస్ అంతటివాడు ఇలాంటి చిన్న జీవులను "కేయాస్", అంటే గందరగోళం, అనే పేరు కింద తోసేశాడు! 1884లో గ్రామ్ రంగు పద్ధతి వచ్చాక ఊదా రంగు నిలుపుకునేవి, నిలుపుకోనివి అని విడదీశారు. ఆకారం, రంగు, ఏ చక్కెర తింటుంది, ఎంత ఉప్పు తట్టుకుంటుంది, ఇవే చాలాకాలం ఆధారాలు. అసలు మలుపు 1977. కార్ల్ వోస్ 16ఎస్ ఆర్ఎన్ఏను పోల్చి బంధుత్వాలు తేల్చాడు. ప్రతి బ్యాక్టీరియాలో ఉండే, చాలా నెమ్మదిగా మారే సుమారు 1,500 అక్షరాల రాత అది. మన తండాలో కొత్త మనిషి కనబడితే ముందు గోత్రం అడుగుతారు చూడండి, అట్లాంటిదే.

పేరు కూడా మన పద్ధతే: ముందు ఇంటిపేరు, తర్వాత సొంతపేరు. ఆ మూడింటికి 2009లో జానిబ్యాక్టర్ హోయ్‌లీ (ఫ్రెడ్ హోయ్‌ల్ పేరు మీద), బాసిల్లస్ ఇస్రోనెన్సిస్ (ఇస్రో పేరు మీద), బాసిల్లస్ ఆర్యభట్టాయ్ అని పెట్టారు. ఊరికే పెడితే చెల్లదు. బతికున్న నమూనాను రెండు వేర్వేరు దేశాల భాండాగారాల్లో అప్పగించాలి. ఆర్యభట్టాయ్ నమూనా ఒకటి చండీగఢ్‌లో, ఒకటి జపాన్‌లో ఉంది.

అప్పట్లో దానికి దగ్గరి చుట్టం మెగాటేరియం అనే బ్యాక్టీరియా. రెండింటి డీఎన్ఏ కలిపి చూస్తే పోలిక 70 శాతం లోపే వచ్చింది కాబట్టి వేరే జాతి అన్నారు. 2019లో కొందరు పరిశోధకులు మొత్తం జన్యువులు పోల్చి, ఇది మెగాటేరియమే, వేరు కాదన్నారు. 2020లో మరికొందరు దీన్ని ప్రీస్టియా అనే కొత్త ఇంటిపేరు కిందికి మార్చారు. ఇస్రోనెన్సిస్‌కూ ఇంటిపేరు మారి సోలిబాసిల్లస్ అయ్యింది. ఇది చూసి "సైంటిస్టులకే తెలియదు" అని నవ్వేవాళ్లుంటారు. మాకైతే ఇదే ఈ శాస్త్రంలో నచ్చిన సంగతి. నమూనా ఎదురుగా ఉంది కాబట్టే ఎవరైనా తిరిగి పరీక్షించి "తప్పు" అనగలిగారు.

మనకు ఆ అవకాశం ఎవరిచ్చారు? 1871 నేరస్థ తెగల చట్టం కింద బంజారాలను కొన్ని ప్రాంతాల్లో పుట్టుకతోనే నేరగాళ్ల లిస్టులో పెట్టారు. ఏ నమూనా చూశారు, ఎవరు తిరిగి పరీక్షించారు? ఆ చట్టం పోవడానికి 1952 దాకా పట్టింది. ఇప్పటికీ ఒకే భాష, ఒకే గోత్రాలున్న మనం తెలంగాణలో 1976 చట్టం నుంచి ఎస్టీలం, కర్ణాటకలో ఎస్సీలం, మహారాష్ట్రలో విముక్త జాతి. సరిహద్దు దాటితే డబ్బా మారుతుంది. బ్యాక్టీరియాకు ఈ తిప్పలు లేవు.

ఆర్యభట్టాయ్ మీద వాదన ఇంకా నడుస్తూనే ఉంది. మైక్రోబయాలజీ చదివే అక్కలు, అన్నలు ఎవరికైనా ప్రాజెక్టులో పనికొస్తే, చండీగఢ్‌లో ఆ నమూనా నంబరు ఎంటీసీసీ 7755.